లోపం ముందు, తాళం తర్వాత

మా జిల్లాకు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ ఎవరివల్ల వచ్చిందని అడిగితే కొందరు మంత్రి పేరు చెబుతారు, కొందరు కొత్త రోడ్డు పుణ్యమంటారు, పేపరు చదివేవాళ్ళు నీళ్ళూ కరెంటూ అంటారు. అందరిదీ తప్పే. ఫ్యాక్టరీని తెచ్చింది మా అమ్మమ్మ. దాని వెనకాలే నర్సింగు కాలేజీని, నాలుగు వరుసల రోడ్డును, మెట్లు వాటంతటవే కదిలే బట్టల షాపును కూడా ఆవిడే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. జిల్లా ఆదాయం పెరిగిందని లెక్కలు కట్టేవాళ్ళు ఆవిడ మోకాళ్ళను కూడా ఆ లెక్కలో కలపాలి. ఎందుకంటే, ఫ్యాక్టరీకి స్థలం చూడడానికి వచ్చిన మొదటి ఇంజినీరు లాడ్జిలో నల్లుల బాధ పడలేక మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సు ఎక్కబోతుంటే, ఆయన్ని బస్టాండులో ఆపి, "బాబూ, నల్లుల్లేని గది చూపిస్తాను, కాకపోతే పక్కింటి పిల్ల వయొలిన్ నేర్చుకుంటోంది, ఇంకా వాయించడం రాలేదు" అని చెప్పింది ఆవిడే. ఆయన ఆగాడు. ఆయన ఆగాడు కాబట్టి ఫ్యాక్టరీ ఆగింది. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి.

ఆవిడ పని ఇళ్ళు వెతికిపెట్టడం. ఇల్లు కావాలన్నవాళ్ళకు ఇల్లు, ఇంట్లోకి మనుషులు కావాలన్నవాళ్ళకు మనుషులు. దీన్ని బ్రోకరు పని అంటే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. "బ్రోకరు ఇంటిని పొగుడుతాడు. నేను చూపిస్తాను" అంటుంది. ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ ఒక ఇనుప రింగుకు గుచ్చి నడుముకు దోపుకుంటుంది కాబట్టి ఊరందరికీ ఆవిడ తాళాల పిన్ని. ఆవిడ మలుపు తిరగకముందే ఆ గలగల తిరుగుతుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు తర్జనభర్జన పడ్డాయిగానీ, మా వీధిలో ఆ గంటను పిల్లే తెచ్చి కట్టుకుంది.

ఏ ఇల్లయినా సరే, ఇంకొకరికి చూపించే ముందు తను ఒక్కతే వెళ్తుంది. కుళాయిలన్నీ తిప్పి చూస్తుంది. తర్వాత తలుపులూ కిటికీలూ మూసేసి, వంటగది గచ్చు మీద చతికిలబడి, కిక్కురుమనకుండా కూర్చుంటుంది. అవతలి గోడ నుంచి దగ్గు, పైనుంచి కుర్చీ ఈడ్చిన చప్పుడు, గొట్టాల్లో గురగుర, మూల నుంచి చెమ్మ వాసన ఒక్కొక్కటే బయటికి వస్తాయి. "మనం మాట్లాడుతున్నంతసేపూ ఇల్లు బుద్ధిమంతురాలిలా నటిస్తుంది. మనం నోరు మూసుకుంటే అప్పుడు అది నోరు విప్పుతుంది" అని ఆవిడ సిద్ధాంతం.

ఆ తర్వాత ఇల్లు కావాలన్నవాళ్ళను తీసుకెళ్ళి గుమ్మం బయటే నిలబెడుతుంది. లోపాలన్నీ అక్కడే చెబుతుంది. చెప్పడం అయ్యాకే తాళం తీస్తుంది. లోపం ముందు, తాళం తర్వాత. అది ఆవిడ పద్ధతి. "మధ్యాహ్నం ఈ గది పొయ్యి. ఇందులో బట్టలు ఆరతాయి, మనుషులు కూడా ఆరతారు." "ఈ మెట్లు ఇల్లు కట్టేశాక గుర్తొచ్చి కట్టినవి. కొంచెం పక్కకు తిరిగి ఎక్కాలి." ఇలా ఉంటుంది ఆవిడ వర్ణన.

ఇళ్ళవాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. "పిన్నిగారూ, మీరు ఇల్లు చూపిస్తున్నారా, శాపనార్థాలు పెడుతున్నారా?" అని ఒకాయన అడిగాడు.

"ఇవాళ నేను చెప్పకపోతే రేపు ఇల్లే చెబుతుంది బాబూ. అప్పుడు ఖాళీ చేసేది వాళ్ళు, మళ్ళీ కాళ్ళరిగేలా తిరిగేది నేను."

నిజానికి లోపం తెలిసి చేరినవాళ్ళు ఊరికే వదిలిపోయేవాళ్ళు కాదు. అందుకని ఇళ్ళవాళ్ళు తిట్టుకుంటూనే తాళాలు మళ్ళీ ఆవిడకే ఇచ్చేవాళ్ళు. ఒక్కడు తప్ప. ఆయన వీధి చివరి పిండిమర యజమాని. మర మీద ఆయనకు రెండు గదుల మేడ ఉంది. ఒకసారి అమ్మమ్మ ఆ మేడకు ఒక నర్సును, ఆమె మొగుణ్ణి తీసుకెళ్ళి, మెట్ల కిందే నిలబెట్టి, "పొద్దున పెరుగు గిన్నె పెట్టుకుని డ్యూటీకి వెళ్ళండి, సాయంత్రానికి వెన్న తేలి ఉంటుంది. కవ్వం ఖర్చు కలిసొస్తుంది" అంది. ఆ దంపతులు నవ్వుతూ వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు. టీ కొట్టుకు, అక్కణ్ణుంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీ క్యాంటీనుకు పాకింది. మేడను చూడడానికి ఎవరొచ్చినా, "ఇదేనా వెన్న మేడ?" అని అడిగి నవ్వి పోయేవాళ్ళు. చివరికి మర పెద్దాయన అందులో ఖాళీ గోతాలు పడేసి, అమ్మమ్మతో మాట్లాడడం మానేశాడు. అప్పటినుంచి ఆవిడ పిండి పట్టించడానికి డబ్బా చంకన పెట్టుకుని ఊరి రెండో చివరికి నడిచేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే కొంచెం పొడవు.

ఈలోగా జిల్లా ఎదిగింది. ఫ్యాక్టరీ రెండో షిఫ్టు మొదలుపెట్టింది. ఒకప్పుడు గదులు మనుషుల కోసం ఎదురుచూసేవి, ఇప్పుడు మనుషులు గదుల కోసం ఎదురుచూడసాగారు. కారు షెడ్డుకు కిటికీ పెడితే గది అయింది, మేడ మీద రేకులు వేస్తే పెంట్‌హౌస్ అయింది. మంచి కూడా జరిగింది, కాదనకూడదు. కుళాయిలో రోజూ నీళ్ళొస్తున్నాయి. కాన్పు కష్టమైతే పక్క జిల్లాకు పరిగెత్తే పని తప్పింది. పాత పెంకుటిళ్ళ చోట అంతస్తులు లేచాయి. అమ్మమ్మ వాటన్నిటి వంటగదుల్లోనూ కూర్చుని లేచింది.

ఇంట్లో తాతయ్య ఉండేవాడు. సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి దిగాడు. దిగాక కళ్ళు మసకబారాయి, మందులు వేసినా చుక్కలు వేసినా ఆగలేదు. పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. కానీ చూపు పోతున్నన్నాళ్ళూ తాతయ్య ఊరికే కూర్చోలేదు. వీధిని చెవులతో బట్టీ పట్టాడు. ఎదురింటి టైలరమ్మ కుట్టుమిషను మొదటి స్టాపు. సైకిలు షాపు సుత్తి రెండోది. టీ కొట్టు పంపు స్టవ్వు బుసకొట్టే చోట దిగి టీ తాగి, నలుగురితో నాలుగు కబుర్లు చెప్పి వెనక్కి వస్తాడు. పిండిమర చప్పుడు చెవుల్లో హోరెత్తిందంటే ఆఖరి స్టాపు, అది దాటితే పెద్ద రోడ్డు. రోజూ ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే, "టికెట్ లేకుండా నా బస్సు ఎక్కొద్దు" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఇంటి ఓనరు వచ్చాడు. బజార్లో మందుల షాపు ఆయనది. వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో అమ్మమ్మకు కింద రెండు గదులు ఇచ్చింది. ఇప్పుడు ఇల్లు ఆయన చేతికొచ్చింది. అమ్మమ్మ టీ గ్లాసు ఇచ్చింది. ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"పిన్నిగారూ, మీరేమీ అనుకోకండి. ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు వేద్దామనుకుంటున్నాం. వానలు మొదలయ్యేలోపు పునాది తవ్వాలంటున్నాడు మేస్త్రి."

"వెయ్యి నాయనా. కట్టాక కింద రెండు గదులు మాకే ఇవ్వు."

"కింద కార్లకండీ."

"నాకు కారు లేదు."

"అదే చెప్తున్నానండీ." ఆయన సర్దుకుని కూర్చున్నాడు. "ఏం చేస్తాం పిన్నిగారూ, ఊరు పెరిగిపోయింది. పెంచింది మీరే కదా, వచ్చినవాళ్ళందరికీ ఇళ్ళు చూపించి."

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అమ్మమ్మ ఆయన ముందునుంచి గ్లాసు తీసేసింది. అందులో ఇంకా సగం టీ ఉంది.

ఊళ్ళో సగం మందికి నీడ చూపించిన మనిషికి ఇల్లు దొరకదా అని మొదట ఎవరూ కంగారు పడలేదు. కానీ ఆవిడకు ఏదో ఒక ఇల్లు కాదు, ఆ వీధిలోనే ఇల్లు కావాలి. వీధి మారితే తాతయ్య మంచానికి అతుక్కుపోతాడు. టీకి కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సిందే. ఆయన సంగతి ఆవిడకు తెలుసు, చెయ్యి పట్టుకుంటే ఆయన వెళ్ళడు.

ముందు ఎదురింటి టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకు పెరటి వైపు రెండు గదులు ఖాళీ అయ్యాయి.

"అమ్మాయ్, నీ వెనక గదులు మాకే కావాలి."

"అంతకంటేనా పిన్నీ. రేపే వచ్చేయండి."

"ఆగు. ముందు మా లోపాలు విను."

"మీకు లోపాలేంటి పిన్నీ, భలేవారే."

"విను. కోడికన్నా ముందు లేస్తాను. లేస్తే గిన్నెలు తోముతాను. ఇల్లు కావాలన్నవాళ్ళు పొద్దస్తమానం తలుపు కొడతారు. మా ఆయన నిద్రలో 'దిగేవాళ్ళు ముందుకు రండి' అని అరుస్తాడు. ఒకోసారి ఈల కూడా వేస్తాడు. నా మనవరాలొకతి ఉంది. చదువు అబ్బలేదు, నోరు అబ్బింది. వస్తే నెల్లాళ్ళు కదలదు."

టైలరమ్మ మిషను తొక్కడం ఆపింది. "అయిపోయాయా?"

"పెద్దది మిగిలింది. నీ ఇంట్లో ఏ లోపం కనబడినా ఊరంతా చెప్పేస్తాను. ఆపుకోలేను."

టైలరమ్మ దారం పళ్ళతో తెంపింది. "మా తమ్ముడు వస్తానన్నాడు పిన్నీ. వాణ్ణి ఒక మాట అడిగి చెప్తాను" అంది. ఆ తమ్ముడు ఇంతవరకూ రాలేదు. అసలు ఉన్నాడో లేదో కూడా తెలియదు.

సైకిలు షాపు వెనకింట్లోనూ అదే తంతు. మూలింట్లో అయితే ఆవిడ నిద్రలో ఈల దాకా కూడా రాలేదు, కోడి దగ్గరే తలుపేసేశారు. దీపం కిందే చీకటి అన్నట్టు, ఆ రింగుకు అన్ని తాళాలున్నా ఒక్కటీ ఆవిడది కాకుండా పోయింది. అమ్మ వచ్చి కూతురి హోదాలో గట్టిగా తగులుకుంది.

"ఇల్లు దొరికేదాకా నోరు కట్టేసుకోలేవా అమ్మా? చేరాక వాళ్ళకే తెలుస్తుందిగా."

"ఇళ్ళకొక న్యాయం, నాకొక న్యాయమా?"

"ఇల్లు వచ్చి నీ లోపాలు వినలేదుగా, నువ్వెళ్ళి వినిపిస్తున్నావు."

"చేరాక తెలిస్తే వాళ్ళు ముఖం మాడ్చుకుంటారు. మాడిన ముఖాల మధ్య మీ నాన్న ఎలా తిరుగుతాడే?"

అమ్మకు విసుగొచ్చి ఇద్దరినీ ఆటో ఎక్కించి, రింగు రోడ్డు అవతల కొత్త అపార్టుమెంటుకు తీసుకెళ్ళింది. నున్నటి గచ్చు, లిఫ్టు, ఆకాశమంత బాల్కనీ. అమ్మమ్మ అలవాటు ప్రకారం కుళాయిలు తిప్పింది, నీళ్ళు ధారగా వచ్చాయి. కిటికీలు మూసి వంటగదిలో చతికిలబడింది. ఎంతసేపు కూర్చున్నా ఆ ఇల్లు నోరు విప్పలేదు. దగ్గు లేదు, గురగుర లేదు. అన్నేళ్ళ సర్వీసులో ఆవిడ చూసిన ఇళ్ళల్లో అదే మంచిది. లేచి, చీర దులుపుకుని, ఇక ఒప్పుకుందామనే బయటికి వచ్చింది.

తాతయ్య వరండాలో నిలబడి ఉన్నాడు. రెండు వైపులా ఒకే రకం తలుపులు. ఒక వైపు కొంచెం నడిచి ఆగాడు, రెండో వైపు తిరిగి మళ్ళీ ఆగాడు. అరచేత్తో గోడ తడిమాడు, ఆ గోడ కూడా నున్నగా ఉంది.

"ఏమే, ఇది ఏ స్టాపు?" అని అడిగాడు.

అమ్మమ్మ వెళ్ళి లిఫ్టు బటను నొక్కింది. కిందికి దిగేటప్పుడు అమ్మతో, "ఇల్లు బంగారంలా ఉంది. దాంట్లో లోపం లేకపోవడమే లోపం" అంది.

మర్నాడు ఆవిడ పిండిమరకు వెళ్ళింది. గలగలమనకుండా తాళాల రింగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అయినా పెద్దాయన చూశాడు. ఆయన కనుబొమల నిండా పిండే. మర హోరులో ఇద్దరూ అరుచుకోవాల్సి వచ్చింది.

"ఏం చెల్లెమ్మా, దారి తప్పావా? నీ మర ఊరికి అటు చివర కదా!"

"పిండికి రాలేదు అన్నయ్యా. మేడ ఖాళీగానే ఉందా?"

"నీ దయవల్ల ఇప్పటిదాకా ఖాళీనే. ఈసారి ఎవరికి చూపించి నవ్వించడానికి వచ్చావు?"

"మాకే."

పెద్దాయన స్విచ్చు కట్టేశాడు. బెల్టు గిరగిరా తిరిగి ఆగింది. టీ కొట్టులో గ్లాసులు పట్టుకున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"మళ్ళీ చెప్పు. వినబడలేదు."

"వినబడింది నీకు. మాకే. కాకపోతే ముందు మా లోపాలు..."

"అవన్నీ నీకన్నా ముందే నా మరకు వచ్చాయి. మీ ఆయన నిద్రలో బస్సు నడుపుతాడటగా."

"నడపడు. టికెట్లే కొడతాడు."

"సరే. మరి నా మేడ లోపాలు చెప్పు. తాళం తీసేముందు చెప్పాలిగా."

"ఊగుతుంది. పిండి రాలుతుంది. మెట్లకు కడ్డీ లేదు."

"తర్వాత?"

"అంతే."

"వెన్న సంగతి మర్చిపోయావు."

టీ కొట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మమ్మకు ఆ నవ్వు బాగా తెలుసు, దాన్ని పుట్టించింది తనే.

"ఏదో మాటవరసకి అన్నాను అన్నయ్యా."

"నువ్వు అన్ని ఇళ్ళ లోపాలూ కూర్చుని, విని చెప్పావు. నా ఇంటి లోపం ఒక్కటే నిలబడి చెప్పావు. పైకెక్కి చూశావా అసలు?"

ఆవిడ చూడలేదు. మెట్లకు కడ్డీ లేదని కిందే ఆగిపోయింది. మాట బాగా కుదిరింది కదా అని వదిలేసింది.

"రేపు పెరుగు గిన్నె తీసుకొచ్చి పైన పెట్టు" అన్నాడు పెద్దాయన. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా మర ఆపను. వెన్న తేలితే మేడకు ఇంకో తాళం వేసి, ఆ తాళంచెవి కూడా బావిలో పడేస్తాను. తేలకపోతే గదులు నీవి. కానీ ఆ మాట ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడికల్లా నువ్వు వెళ్ళి వెనక్కి తెచ్చుకోవాలి."

"మెట్లకు కడ్డీ వేయిస్తావా?"

"వేయిస్తాను."

మర్నాడు గిన్నె మేడెక్కింది. తను అల్లిన మాట అబద్ధమైతేనే తనకు ఇల్లు దొరికే స్థితి అమ్మమ్మకు అదే మొదటిసారి. పొద్దంతా వీధి ఆ మేడ వైపే చెవి పెట్టింది. ఎప్పుడూ మరకు ఏమీ పంపనివాళ్ళు కూడా ఆ రోజు గోధుమలు పట్టుకొచ్చారు. సాయంత్రం పెద్దాయన, టైలరమ్మ, సైకిలు షాపు వాళ్ళు ఆవిడ వెనకాలే వరసగా మెట్లెక్కారు. మూత తీసింది. వెన్న లేదు. పెరుగు మాత్రం చెదిరి, గిన్నె అంచుల దాకా నీళ్ళు తేలాయి.

అమ్మమ్మ గరిటెతో కలిపి చూసింది. "సగం నిజం" అంది.

"సగం అబద్ధం" అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ ఇంకాస్త వాదించుకునేవాళ్ళేగానీ, కిందనుంచి చప్పట్లు వినబడ్డాయి. తాతయ్య. ఎవరూ తీసుకురాకుండానే వచ్చి, మర హోరు పక్కన సరిగ్గా మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు.

"ఆఖరి స్టాపు" అని అరిచాడు పైకి. "మనం దిగేది ఇక్కడేనా?"

"ఇక్కడే" అంది అమ్మమ్మ. "దిగడం కాదు, ఎక్కాలి. కడ్డీ వేసేదాకా ఆగండి."

మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ టీ కొట్టుకు, ఆసుపత్రికి, ఫ్యాక్టరీ క్యాంటీనుకు వెళ్ళి, "ఆ మేడలో వెన్న రాదు, పెరుగు విరుగుతుంది, అంతే" అని చెప్పి వచ్చింది. క్యాంటీనులో సగం మందికి ఆ పాత మాటే తెలియదు, వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు. పాపం, వాళ్ళకు ముందు అదేమిటో చెప్పి, తర్వాత కాదని చెప్పాల్సి వచ్చింది. దాంతో ఆ మాట ఇంకో నాలుగు ఊళ్ళు పాకింది.

ఇప్పుడు వాళ్ళు అక్కడే ఉంటున్నారు. మర నడిచినంతసేపూ అలమారలో గ్లాసులు ఒకదాని వైపు ఒకటి జరుగుతుంటాయి, సాయంత్రానికి అన్నీ ఒక మూలకు చేరి మీటింగు పెడతాయి. అమ్మమ్మ వాటికింద పాత దుప్పటి ముక్క పరిచింది. మంచం మీద పిండి రోజూ దులపాలి. కిటికీలు మూసి చతికిలబడినా ఆ ఇంట్లో మర తప్ప ఏమీ వినబడదు. తాతయ్య మాత్రం పొద్దున్నే కడ్డీ పట్టుకుని దిగి, టీ తాగి, వెనక్కి తిరిగి హోరు వైపు నడిచి వస్తాడు. ఇంతకు ముందు ఆయన ఇంటికి చప్పుడు ఉండేది కాదు, ఎదురింటి మిషను మీద ఆధారపడేవాడు. ఇప్పుడు ఇల్లే పిలుస్తోంది. మరకు వారానికి ఒక రోజు సెలవు. ఆ రోజు ఆయనకు కూడా సెలవే. పెద్దాయనే టీ పట్టుకుని పైకి వస్తాడు, ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ తాగుతారు.

మందుల షాపాయన నాలుగంతస్తులూ లేచాయి. పై గదుల తాళాలు తెచ్చి అమ్మమ్మ చేతిలోనే పెట్టాడు. వేరేవాళ్ళు చూపిస్తే ఎవరూ నమ్మడం లేదట. ఆవిడ పాత ఇల్లున్న చోట, కార్ల మధ్య నిలబడి, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు చెబుతుంది. "కింద కార్లు, పైన మనుషులు. గాలి కార్లకే ఎక్కువ. ఇక తాళం తియ్యనా?"

ఇదంతా రాసి, సెలవు రోజు చూసుకుని ఆవిడకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని, ఖాళీ ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుని విన్నది. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"ఫ్యాక్టరీ నేను తెచ్చానని మొదలెట్టావు. గొప్ప ముందు పెట్టి, నా లోపాలన్నీ లోపల దాచావు. నువ్వు చూపించే ఇంట్లో నేనైతే కాలు పెట్టనే."